హీబ్రూ మూలగ్రంథపఠనమునకు సాధనముల నెన్నుకొనుట

ఆదికాండము రెండవ యధ్యాయమున స్త్రీసృష్టిని జెప్పుచోట 'ఏజెర్' అను హీబ్రూపదము గలదు. తెలుఁగు బైబిలునందును ఇంగ్లీషు బైబిలునందును దీనికి 'సహాయము' అను నర్థమునే వాడియున్నారు. సహాయమన్నంతనే పరిచారికయు, పనికత్తెయు, పిలిచినపుడు పలుకవలసిన యింటి యాఁడుదియు మనవారి మనస్సునకుఁ దోఁచుదురు. ఈ యొక్కపదము నాధారముగాఁ జేసికొని పురుషునకు సేవచేయుటకే స్త్రీ సృజింపఁబడెనని వేదికలమీఁద వాదించువారు గలరు. వారికి బదులుగా, మూలమున నాపదమునకు 'పైయధికారి' యనియే యర్థమని యంతే ధైర్యముతో వాదించువారును గలరు. ఈ యిరుతెగలవారిలో మూలగ్రంథమును దెఱచి చూచినవా రెందఱు? చూడఁదలఁచినవాఁడు ఏయే పుస్తకములను ముందిడుకొని, ఏక్రమమున చూడవలెను? స్త్రీలయొక్క స్థితిగతులు మొదలుకొని యీశ్వరనామమువఱకు ననేకవిషయములలో నితరుల వేదమును ప్రమాణముగాఁ జూపుటకుఁ బూనుకొనుచున్న విద్యావంతులకు ఈప్రశ్న వినోదమాత్రము కాఁజాలదు.

దస్తావేజును గూర్చి వివాదము పుట్టినపుడు న్యాయస్థానమునందు మూలపత్రమును దెమ్మని యడుగుదురు. నకలు పనికిమాలినదని కాదు. నకలు వ్రాసినవాని కన్నును చేయియు నడుమ జొచ్చియుండును గావున. భాషాంతరము నకలుకంటె నొక మెట్టు దూరము. భాషాంతరకర్త ప్రతిపదమువద్దను నొక తీర్పు చెప్పుచునే పోవును. ఆ తీర్పులలోఁ బెక్కులు సరియైనవే. కాని వానికి హేతువులు పుటలో నెచ్చటను వ్రాయఁబడియుండవు. రాజారామమోహనరాయలు 1820వ సంవత్సరమున క్రీస్తు నీతివాక్యములను సంగ్రహించి ప్రకటింపఁగా శ్రీరామపుర మిషనరీ యగు మార్ష్‌మన్ దొరతో వాదము ప్రాప్తించెను. ఆయన ఇంగ్లీషు భాషాంతరముతోఁ దృప్తినొందక, హీబ్రూ గ్రీకుభాషలు నేర్చి, మూలపదములను బట్టి ప్రత్యుత్తరము లిచ్చెను. మూఁడవ ప్రత్యుత్తరమును అచ్చొత్తుటకు మిషనువారి ముద్రాక్షరశాల సమ్మతింపకపోఁగా, 1823లో దానిని సొంత ముద్రాక్షరశాలయందు ముద్రింపించెను. ఎదుటివాని గ్రంథమును ఎదుటివానికంటె శ్రద్ధగాఁ జదివి మాటాడుట యనఁగా నట్టిది.

మొదట మూలమన నేమో తెలిసికొనవలెను. హీబ్రూలిపియం దక్షరములు 22. అన్నియు హల్లులే, వ్రాఁత కుడినుండి యెడమకు సాగును. ప్రాచీనలేఖకులు హల్లులను మాత్రమే వ్రాసి, అచ్చులను గురుశిష్యపరంపరగా నోటనే నిలుపుకొనిరి. మన వైదికులు స్వరమును నిలుపుకొన్నట్లే యనుకొనుఁడు. క్రీస్తుశకము ఏడవ శతాబ్దము మొదలు పదవ శతాబ్దమువఱకు గలిలయ సరస్తీరమునందలి తిబెరియ నగరమున మసోరెతులను పండితులు ఆ యుచ్చారణము నశింపకుండుటకై హల్లుల క్రిందను పైనను చుక్కలు గీఁతలు చేర్చి యచ్చులను గుఱుతుపెట్టిరి. హల్లులను మాత్రము తాఁకలేదు. వ్రాఁత యొకవిధముగను చదువవలసిన దింకొకవిధముగను ఉన్నచోటఁ గూడ వ్రాసినదానిని దిద్దక, చదువవలసినదానిని అంచున గుఱించిరి. వ్రాసినదానికి 'కెతీవ్' అనియు, చదువవలసినదానికి 'కెరే' అనియు పేళ్లు.

ఈ యేర్పాటు నెఱుఁగకపోవుటచే నేమి కలుగునో చూపుటకు మనకందఱకుఁ దెలిసిన యుదాహరణ మొకటి యున్నది. దేవుని నామము యోద్, హే, వావ్, హే యను నాలుగు హల్లులు. యూదులు భక్తిచే నా నామము నుచ్చరింపక, ఆ స్థానమున 'అదోనాయ్', అనఁగా 'ప్రభువు', అని చదువుదురు. చదువరికి జ్ఞాపకము చేయుటకై మసోరెతులు ఆ నాలుగు హల్లులకు 'అదోనాయ్' పదముయొక్క యచ్చులను దగిలించిరి. మధ్యయుగమున యూరోపుఖండ పండితులు కొందఱు ఒకపదముయొక్క హల్లులను వేఱొకపదముయొక్క యచ్చులను గలిపి చదువఁగా 'యెహోవా' యను రూప మేర్పడెను. తెలుఁగు పాతనిబంధనమున వేలకొలఁది తావులఁ గానవచ్చు నామ మిదియే. ప్రాచీనోచ్చారణము 'యాహ్వే' యని యిప్పటి పండితులలో నధికసంఖ్యాకుల మతము. తరతరములుగా నా నామమునఁ బ్రార్థించినవారి భక్తికి దీనివలన లోపమేమియు లేదు. కాని యా నామము నెత్తి వాదము సేయఁబూనినవాఁడు పుట అంచున నున్న గుఱుతును చూడనేర్చియుండవలెను. ఇంగ్లీషు లిపిలోనికో తెలుఁగు లిపిలోనికో మార్చి యచ్చువేసిన 'సులభ హీబ్రూ' పుస్తకములలో నీయంచు లుండవు. కావున వానిని కొనవలదని మొదటనే చెప్పుచున్నాను. లిపి నేర్చుటకు రెండు వారములు చాలును. ఆ రెండు వారముల శ్రమను దప్పించుకొనుటకై జీవితమంతయు నొకని లిప్యంతరీకరణమునకు బానిసయై యుండుట లాభసాటి బేరము కాదు.

ఇఁక మూలగ్రంథపు కూర్పు. మసోరెతుల ప్రతులలో మిక్కిలి పేరొందినది అలెప్పో నగరమున నుండిన ప్రతి. అది సుమారు 930 నాఁటిది. 1947లో నానగరమునఁ జెలరేఁగిన యల్లరులకుఁ బిమ్మటఁ జూడఁగా దానియందు తోరాభాగము చాలవఱకు లేకపోయెను. సమగ్రముగా నిలిచినవానిలోఁ బ్రాచీనమైనది 1008–09లో కైరోనగరమున వ్రాయఁబడి, నేఁడు సెయింట్ పీటర్స్‌బర్గునందున్న లెనిన్‌గ్రాడు ప్రతి. దీనినే ముద్రించి పాఠభేదములను పుటక్రిందఁ జూపు కూర్పు 1977లో ముగిసిన 'బైబ్లియా హెబ్రాయికా స్టుట్‌గార్టెన్సియా'. దీని తరువాతి కూర్పు 2004 మొదలు భాగములుగా వెలువడుచున్నది. దానికై వేచియుండ నక్కఱలేదు. మృతసముద్రతీరమున 1947 ప్రాంతమునఁ దొరికిన చర్మపుఁజుట్టలు ఈ ప్రతులకంటె వేయి సంవత్సరములు పాతవి. వానిలో యెషయా గ్రంథమంతయు నున్న చుట్ట యొకటి గలదు. అట్టి చుట్టల పాఠములను దెలుపునవియు పుటక్రింది గుఱుతులే. అయినను అవి లాటిను సంక్షేపములలో నుండును గావున మొదటి రెండేండ్లు ఆవైపు చూడకుండుట మేలు. పాఠమును దిద్దుటకంటె ముందు పాఠమును చదువనేర్వవలెను గదా. కొనునపుడు పెద్దయక్షరముల ప్రతిని కొనుఁడు. చుక్కలు సూక్ష్మములు, నలువది యేండ్లు దాఁటినవారి కన్నులకు రెండు చుక్కలు మూఁడుగను మూఁడు రెండుగను దోఁచినచో అర్థమే మాఱిపోవును.

అధికులు తప్పుదారిఁ బట్టుట వ్యాకరణమువద్ద. నిఘంటువును మొదట కొని వ్యాకరణమును దరువాతఁ జూతమనుకొందురు. సంస్కృతము చదివినవారికి దీనివలని కీడు నేను వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. ధాతురూపము నెఱుఁగనివాఁడు నిఘంటువులో దేనిని వెదకును? హీబ్రూయందును పదములు సాధారణముగా మూఁడు హల్లుల ధాతువులనుండి పుట్టును. ఒకే ధాతువు ఏడు ముఖ్యగణములలో నేడు విధముల నడచి, కర్తరి, కర్మణి, ప్రేరణము, ఆత్మార్థము మున్నగు భేదములఁ జూపును. చేతులు, కన్నులు మున్నగు జంటవస్తువులకు ద్వివచనము గూడఁ గలదు. 'యాద్' చేయి, 'యాదయిమ్' రెండుచేతులు. సమాసమువంటి యేర్పాటును గలదు గాని క్రమము తలక్రిందు. మనము 'రాజవాక్య' మందుము. వారు 'దెబర్ హమ్మెలెక్' అందురు. అనఁగా మాట ముందు, రాజు వెనుక. రాజు మాఱఁడు, మాటయే 'దాబార్' అను రూపమును విడిచి 'దెబర్' అగును. కథనమున నడుగడుగునకు వచ్చు 'వయ్యోమెర్' అను క్రియను రూపమునుబట్టి చూచిన నది యపూర్ణక్రియ. అర్థమునుబట్టి 'అతఁడు చెప్పెను' అను భూతకాలము. ఇట్టివి వ్యాకరణము చెప్పఁగాఁ దెలియునే గాని నిఘంటువు చెప్పదు.

ఒక్కయుదాహరణమును కొంచెము విస్తరించి చూపెదను. 'లామద్' అనఁగా నేర్చుకొనెను. అదే ధాతువు నడిమి హల్లునకు ద్విత్వము వచ్చి 'లిమ్మెద్' అయినచో నేర్పెను. మనకు నేర్చు నేర్పు లెట్టివో వారి కివి యట్టివి. ద్విత్వమును వినుట తెలుఁగువానికి ఉగ్గుపాలతో నబ్బిన విద్య; 'కల' వేఱు 'కల్ల' వేఱని పసిబిడ్డ యెఱుఁగును. ఇంగ్లీషు మాతృభాషగాఁ గలవానికంటె నీ విషయమున మన మొకయడుగు ముందున్నాము. ఇట్లుండ, 1890లో జేమ్సు స్ట్రాంగు ప్రకటించిన ప్రసిద్ధ పదానుక్రమణికలో ప్రతి హీబ్రూపదమునకు నొక సంఖ్య యీయఁబడినది. ఇంగ్లీషు బైబిలులోని పదమును చూచి, దాని కెదురుగా నున్న సంఖ్యను బట్టి, గ్రంథాంతమున నున్న చిన్న నిఘంటువును దెఱచిన హీబ్రూ మూలము దొరకునని దాని యేర్పాటు. 'లామద్', 'లిమ్మెద్' రెంటికిని నందులో నొకే సంఖ్య. అంకెను బట్టి పోయినవానికి 'నేర్చుకొను', 'నేర్పు' అను రెండర్థములును ప్రక్కప్రక్కను గానవచ్చును. వానిలోఁ దన వాదమునకు నచ్చినదానిని ఏరుకొనును. గురువు శిష్యుఁడగును, శిష్యుఁడు గురువగును. స్ట్రాంగు మహాశయుని పరిశ్రమ సామాన్యమైనది కాదు. ఏవచన మెక్కడనున్నదో కనుగొనుటకు దానినిమించిన సాధనములు కొద్ది. దోషము దానిని నిఘంటువుగా వాడుటలో నున్నది. అందు ప్రతిపదము చివర నుండు జాబితా ఆపదమునకుఁ గల యర్థముల జాబితా కాదు. 1611 నాఁటి యింగ్లీషు భాషాంతరకర్తలు ఆయాతావుల వాడిన పదముల జాబితా. ఏది యే సందర్భమునకుఁ జెందునో యది చెప్పదు. భాషాంతరము నే చదువుచున్నానని యెఱిఁగిన పాఠకునికంటె, అంకెలు చూచి మూలము నే చదివితినని భ్రమించిన పాఠకుఁడు సభలో నెక్కువ యపాయకారి.

వ్యాకరణములలో నేది? గురువు దొరకినవారికి 1971లో వెలువడిన లామ్బ్‌డిను గ్రంథము మేలైనది. భాషాశాస్త్రజ్ఞానము గలవారికి మిక్కిలి తృప్తినిచ్చును. ఒంటరిగాఁ జదువువారికి 2001లోఁ బ్రథమముగా వెలువడిన ప్రాటికో, వాన్ పెల్టు గార్ల పుస్తకము తగినది. అభ్యాసపుస్తకము ప్రత్యేకముగా నున్నది, రూపములు పట్టికలుగా నేర్పఱుపఁబడినవి. నా పక్షపాతము మాత్రము డబ్లిను పండితుఁడగు వైన్‌గ్రీను 1939లో రచించిన చిన్న వ్యాకరణముమీఁదనే. అందు హీబ్రూనుండి యింగ్లీషునకే గాక, ఇంగ్లీషునుండి హీబ్రూనకును వాక్యములు మార్చవలసియుండును. శబ్దమంజరి వల్లించినవానికిని, స్వయముగా నొక శ్లోకపాదమును గట్టఁజూచినవానికిని గల భేద మెట్టిదో మీ రెఱుఁగుదురు. గెసేనియసు పండితుని మహావ్యాకరణముయొక్క 1910 నాఁటి యింగ్లీషు కూర్పును, జువోన్ రచించి మురఒకా పెంచిన మఱియొక మహావ్యాకరణమును పండితులు పేర్కొనుచుందురు. వానిని కొని బీరువాలో నుంచి గౌరవింపవచ్చును. అవి సందేహనివారణమునకే గాని పాఠము చెప్పుకొనుటకుఁ గాదు.

నిఘంటువులలో ముఖ్యమైన భేదము కూర్పుక్రమమునందున్నది. బ్రౌను, డ్రైవరు, బ్రిగ్సు అను మువ్వురు పండితులు 1906లో ముగించిన నిఘంటువు ధాతుక్రమమున నున్నది. ఉదాహరణమునకు 'తోరా' యను పదమును 'త'కార స్థానమున వెదకినచో నచట వివరణము దొరకదు. అది 'యారా', అనఁగా విసరు, చూపు, ఉపదేశించు, అను ధాతువుక్రింద నుండును. మొదటి యాఱునెలలు దీనిని తెఱచినప్పుడెల్ల విసుగు పుట్టును. అయినను ఆ విసుగునందే లాభమున్నది. 'తోరా'ను ధాతువుక్రిందఁ గనుగొన్నవాఁడు, ఇంగ్లీషులో 'చట్టము' అని చదివినపుడు కలుగని యొక భావమును దెలిసికొనును: అది మొదట ఉపదేశము, దారిచూపుట, శాసన మగుట తరువాత. న్యాయవాదివృత్తిలో నున్నవారి కీ భేదము రుచించును. ఈ నిఘంటువునకు లోపము గలదు. 1928లో సిరియా తీరమున ఉగరిత్ నగరశిథిలములు బయటపడి హీబ్రూనకు దగ్గఱచుట్టమైన ప్రాచీనభాష యొకటి తెలియవచ్చెను. అంతకుముందే ముగిసిన పుస్తకము గావున నందలి ధాతువిచారము కొన్నిచోట్లఁ బాతఁబడినది. ఈ లోపమును దీర్చునది కోలరు, బౌమ్‌గార్ట్నరు గార్ల మహానిఘంటువు. ఇది యక్షరక్రమమున నుండును, వెల మిక్కుటము. దీనినే సంక్షేపించి హాలడే 1971లోఁ బ్రకటించిన చిన్న నిఘంటువు బల్లమీఁద నుంచుకొనుటకుఁ జాలును. కావున నిత్యపఠనమునకు హాలడేను, పదవిచారమునకు మువ్వురి నిఘంటువును ఉంచుకొనుట మధ్యమమార్గము. బెంజమిను డేవిడ్‌సను 1848లోఁ గూర్చిన యొక పుస్తకమునందు బైబిలులోని ప్రతిరూపమును ఉన్నదున్నట్లుగా నకారాదిక్రమమునఁ బెట్టి విడఁదీసి చూపినారు. అది కుంటివానికిఁ గఱ్ఱవలె నుపయోగించును. కుంటికానివానిని గుంటివానిఁ జేయును.

నిఘంటువొక్కటియే చాలదనుటకు నిర్గమకాండము 34వ యధ్యాయమే సాక్షి. మోషే కొండదిగి వచ్చినపుడు వాని ముఖచర్మము 'కారన్' అని యున్నది. ఈ క్రియకు మూఁడు హల్లులు క, ర, న. ఆ హల్లులతోనే 'కెరెన్', అనఁగా కొమ్ము, అను నామమును గలదు. నాలుగైదు శతాబ్దముల సంధిలో బేత్లెహేమునందుండి లాటినులోనికి భాషాంతరీకరించిన జెరోము 'కొమ్ములుగల' యను నర్థముగల పదమును వాడెను. ఆయన మహిమకు గుఱుతుగా నా మాటను వాడెనని తలఁచు పండితులు గలరు. చదివినవారు మాత్రము నిజమైన కొమ్ములే యనుకొనిరి. రోమునగరమున పీటరు సంకెళ్ల దేవాలయములో మైకేలాంజెలో మలచిన మోషే విగ్రహమునకు నెత్తిపై రెండు కొమ్ము లున్నవి. పదానుక్రమణికను దెఱచిన నీ క్రియ బైబిలంతటను నాలుగుచోట్లనే యున్నదని తెలియును: మూఁడు ఈ యధ్యాయముననే, నాలుగవది 69వ కీర్తనలో నెద్దును గూర్చి, వేఱుగణమున. మోషే విషయమున ముఖచర్మము ప్రకాశించెననుటయే సందర్భమునకుఁ దగునని తెలుఁగువారును గ్రహించిరి.

పదానుక్రమణికను గూర్చి చెప్పవలసివచ్చినది గనుక మొదటి పదమునకే పోవుదము. మాండెల్కర్ను 1896లోఁ బ్రకటించిన మహాగ్రంథము హీబ్రూ లాటిను భాషలలో నున్నది. మనవంటివారికి విగ్రము 1843లోఁ బ్రకటించినది చాలును, అందు హీబ్రూపదముక్రింద ప్రతివచనమును ఇంగ్లీషున నుండును. 'ఏజెర్' అను నామము మొత్తము 21 చోట్ల నున్నది. రెండు ఆదికాండమున స్త్రీని గూర్చినవి. యెషయా, యెహెజ్కేలు, దానియేలు గ్రంథములలో నొక్కొక్కటిగా మూఁడు మనుష్యులు చేయు సాయమును గూర్చినవి. మిగిలిన 16 చోట్లను దైవసహాయమే ప్రసక్తము: ఆపదలోనున్న భక్తుఁడు కొండలవైపు కన్నులెత్తి యడుగు సహాయము. మోషే రెండవ కుమారుని పేరు ఎలీయెజెరు. 'నా దేవుఁడు సహాయము' అని దాని యర్థము. మన జిల్లాలలో క్రైస్తవకుటుంబములయందును ప్రార్థనామందిరములకును వాడుకలోనున్న 'ఎబెనెజరు' పేరు సమూయేలు నిలిపిన 'సహాయపు ఱాయి', అందున్నదియు నీపదమే. ఇంత చూచినపిమ్మట 'సహాయము' అను మాటయందే దాస్యమున్నదని వాదించుట యసాధ్యము.

కాని సాక్ష్యము చెప్పినదానికంటె నెక్కువ చెప్పింపఁగూడదు. దేవుని కాపదము వాడిరి గావున స్త్రీయే పైయధికారిణి యనుట కూడ నాపదమునుండి రాదు. దానితోఁ గలిసియున్న 'కెనెగ్దో' యను పదమునకు 'అతని కెదురుగా నుండు, అతనికి సరిజోడైన' యని భావము. సమానత్వవాదమునకు బలము ఆ రెండవపదమునం దెక్కువ. మఱియు మూఁడవ యధ్యాయమున పురుషుఁడు స్త్రీపై నేలుననిన వాక్యము మూలములోను నున్నది. హీబ్రూ నేర్చినంతమాత్రమున నది చెరిగిపోదు. అది విధియా, అపరాధముచేఁ గలిగిన దుస్థితియొక్క వర్ణనమా యనుటలో వ్యాఖ్యాతలకు భేదము గలదు. సంస్కరణపక్షమువా రీవాక్యమును దాఁచి, రెండవ యధ్యాయమును మాత్రము చూపుట తగదు. ప్రతిపక్షమువారికి మన తరఫున వేఱు బహుమానము అక్కఱలేదు.

పంక్తులనడుమ ప్రతిపదార్థము ముద్రించిన పుస్తకములను గూర్చి రెండుమాటలు. రఘువంశమును ప్రతిపదార్థతాత్పర్యములతోఁ జదివినవారము మనము. కావున నిట్టివి మనకు వింతకావు. అయితే మన టీకాకర్తలు అన్వయక్రమమున నర్థము చెప్పుదురు. ఈ పుస్తకములలో నన్వయ ముండదు, పదముక్రింద పదము మాత్రమే. కన్ను తనంతతానే యింగ్లీషు పంక్తికి దిగును. దీనికంటె, తఱచుగా వచ్చు పదములను విడిచి యరుదైనవానికి మాత్రమే పుటక్రింద నర్థమిచ్చు 'పాఠకుల కూర్పులు' వేయిరెట్లు మేలు. 2008లో నొకటి, 2014లో నొకటి యట్టివి వెలువడినవి. కంప్యూటరుమీఁదను లెనిన్‌గ్రాడు పాఠము ఉచితముగా దొరకును. పదమును వ్రేలితోఁ దాఁకఁగానే ధాతువు, గణము, కాలము, వచనము చెప్పు యంత్రములును గలవు. సరిచూచుకొనుటకు వానిని వాడుఁడు. ముందు కాగితముమీఁద మీ యుత్తరమును వ్రాసి, పిమ్మటఁ దాఁకుఁడు.

అన్నిటికంటె నెక్కువగా విస్మరింపఁబడు సాధనము యూదుల వ్యాఖ్యానపరంపర. ఫ్రాన్సుదేశస్థుఁడగు రాషి (1040–1105) పదార్థమును, కథాసంప్రదాయమును గలిపి చెప్పును. ముద్రణకాలమును దెలుపుచు నచ్చుపడిన హీబ్రూ గ్రంథములలో మొదటిది 1475లో వెలువడిన వీని తోరావ్యాఖ్యయే. ఇబ్న్ ఎజ్రా వ్యాకరణమునందుఁ గఠినుఁడు. దావీదు కిమ్హి ధాతుకోశకర్త. వీరి వ్యాఖ్యలు ఇంగ్లీషు భాషాంతరములతో 'సెఫారియా' యను ఉచితకోశమున నేఁడు కంప్యూటరుమీఁద లభించుచున్నవి. కొందఱు విమర్శకులు హీబ్రూ నేర్తురు గాని, ఆ భాషను రెండువేల యేండ్లు కాపాడినవారి నడుగుటకు సిగ్గుపడుదురు.

ఈ సందర్భమున యొహాను రాయిక్లిను కథ చెప్పఁదగినది. ఈతఁడు జర్మనీదేశపు న్యాయవాది. 1492లో చక్రవర్తి వైద్యుఁడైన యాకోబు లోయన్సు అను యూదునివద్దను, పిమ్మట రోములో ఓబద్యా స్ఫోర్నో యను యూదపండితునివద్దను హీబ్రూ నేర్చి, 1506లో వ్యాకరణమును నిఘంటువును గూడిన పుస్తకమును లాటినున ముద్రించెను. పరులు హీబ్రూ నేర్చుటకుఁ గ్రైస్తవుఁడు రచించిన మొదటి సమగ్రసాధన మదియే. పుటలుగూడ హీబ్రూరీతిని వెనుకనుండి ముందునకు సాగును. అందలి సరుకు చాలవఱకు కిమ్హివలన గైకొన్నది. మూఁడేండ్లలోనే యూదుల గ్రంథములను స్వాధీనపఱచుకొని నాశముచేయవలెనని ప్ఫెఫర్‌కోర్ను అనువాఁడు చక్రవర్తియనుజ్ఞ సంపాదించెను. 1510లో నభిప్రాయము లడుగఁగా కొలోను, మైంజు విశ్వవిద్యాలయములు గ్రంథస్వాధీనమునకు సమ్మతించినవి. రాయిక్లిను న్యాయవాదిగా నభిప్రాయము వ్రాసెను: యూదులును సామ్రాజ్యమునందుఁ దోడిపౌరులే, వారి సొత్తునకు ధర్మశాస్త్రరక్షణ గలదు, చదువక గ్రంథమును గాల్చఁగూడదు. గ్రంథములు నిలిచినవి. ఆయనమీఁద మాత్రము వ్యాజ్యము సుమారు పదియేండ్లు నడిచి, 1520లో రోమునందుఁ బ్రతికూలముగా ముగిసెను. తాను వ్రాసిన పాఠ్యపుస్తకమునకుఁ దల్లివేళ్లు ఎవరి యిండ్లలో నున్నవో ఆయన మఱవలేదు. మనప్రాంతముననే గుంటూరుజిల్లా కొత్తరెడ్డిపాలెమున 'బెనే ఎఫ్రాయిము' అను తెలుఁగువారి చిన్నసమాజము తాము యూదులమని చెప్పుకొని హీబ్రూ ప్రార్థనలు నేర్చి యాచరించుచున్నది. తెలుఁగు నోట హీబ్రూ పలుకుట యెట్లుండునో తెలిసికొనఁగోరువారు అంతదూరమైనను పోవచ్చును.

ఇఁక నభ్యాసక్రమము. దినమున కొకగంట కేటాయింపఁగలవారికి వ్యాకరణము ముగియుట కొక సంవత్సరము పట్టును. గ్రంథమునందలి పదములు సుమారు 8,000. వానిలో 50 మాఱులకు మించి వచ్చునవి 700 లోపు. ఈ లోపలివానిని కంఠపాఠము చేయుఁడు, మిగిలినవానికి నిఘంటువున్నది. మొదట రూతు గ్రంథమును జదువుఁడు. నాలుగధ్యాయములు, 85 వచనములు, సాఫీయైన కథనము. దినమునకు మూఁడు వచనముల చొప్పున నెలలో ముగియును. అత్తాకోడండ్ర సంభాషణ గావున మనయిండ్ల స్త్రీలతోఁ గలిసి చదువుట కనుకూలము. వారికిని లిపి నేర్పినచో నింకను మేలు. పిమ్మట యోనా, 48 వచనములు. ఆ తరువాత ఆదికాండము. దానియేలు గ్రంథమును దెఱచి రెండవ యధ్యాయము నాలుగవ వచనమున భాష మాఱినదని కలవరపడకుఁడు. అచటనుండి యేడవ యధ్యాయాంతమువఱకును, ఎజ్రా గ్రంథమునఁ గొన్ని భాగములును అరమాయిక భాషలో నున్నవి, దానికి వేఱు వ్యాకరణము. యోబు గ్రంథమును మాత్రము మూఁడవ సంవత్సరమువఱకు తెఱువవలదు. బైబిలంతటిలో నొక్కమాఱు మాత్రమే వచ్చు పదములు వేయికి మించియున్నవి; వానిలో యోబు వంతు మిక్కిలి హెచ్చు, ఒక్కమాఱు మాత్రమే వచ్చినదానికి పదానుక్రమణికయు సాక్ష్యము చెప్పలేదు.